బిల్లు అర్జెంటే.. మరి అమలు?

ఉపాధి హామీ స్థానంలో కేంద్రం తెచ్చిన కొత్త చట్టం గురించి ఊళ్లలో ఇప్పటికీ మాట్లాడుకుంటున్నారు. పేపర్లలో 'వీబీ-జీ రామ్ జీ' అని రాసింది దాని గురించే. 2025 డిసెంబరు 16న లోక్‌సభలో బిల్లు పెట్టారు. 18న లోక్‌సభలో మూజువాణి ఓటుతో పాసైంది. అదే రాత్రి పన్నెండు దాటాక రాజ్యసభలోనూ అయిపోయింది. 21న రాష్ట్రపతి సంతకం పడింది. స్థాయీ సంఘానికి పంపండి, గట్టిగా పరిశీలిద్దాం అని ప్రతిపక్షాలు అడిగాయి. పంపలేదు. సమావేశాలకు ఆఖరి రోజు 19. ఆలోపు అవ్వాలి అంతే.

పాత చట్టం ఎలా వచ్చిందో చూస్తే తేడా తెలుస్తుంది. ఆ బిల్లును 2004 డిసెంబరులో పెట్టారు. గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘానికి వెళ్లింది. 2005 ఆగస్టులో పాసైంది. మొత్తం ఎనిమిది నెలలు. మొదటి బిల్లులో పని హక్కు 'పేద కుటుంబాలకు' అని ఉండేది. అంటే పేదవాడినని ముందు కాగితం చూపించాలి. ఈ ఎనిమిది నెలల్లో ఆ మాట పోయింది, పని అడిగే ప్రతి గ్రామీణ కుటుంబానికీ అని మారింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైనప్పుడు జాబ్ కార్డు కోసం ఎవరూ రేషన్ కార్డు రంగు చూపించాల్సిన అవసరం రాకపోవడానికి కారణం అదే. కౌలు పొలాలు చేసుకునే, చిన్నాచితకా కూలి పనులకు వెళ్లే మన కుటుంబాల్లో చాలామంది ఆ కార్డుల మీదే ఎండాకాలాలు గడిపారు.

కొత్త చట్టం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. వంద రోజుల బదులు 125 రోజులు అంటున్నారు, ఖర్చులో 40 శాతం రాష్ట్రాల మీద పెడుతున్నారు. రెండూ పెద్ద విషయాలే. అలాంటి బిల్లు పెట్టిన రోజు నుంచి రెండు సభలూ దాటడానికి పట్టింది మూడు రోజులు. కానీ చట్టం అమల్లోకి వచ్చాక తమ పథకాన్ని తయారు చేసుకోవడానికి రాష్ట్రాలకు మాత్రం ఆరు నెలల గడువు ఇచ్చారు. ఆఫీసర్లకు ఆరు నెలలు, ప్రజలు ఎన్నుకున్న సభకు మూడు రోజులు!

టైం ఎవరు ఇస్తారు?

ఏ బిల్లు మీద ఎన్ని గంటలు మాట్లాడాలో సభా వ్యవహారాల సలహా కమిటీలో, అంటే బీఏసీలో తేలుస్తారు. లోక్‌సభ బీఏసీలో స్పీకర్‌తో కలిపి గరిష్ఠంగా 15 మంది. స్పీకరే అధ్యక్షులు. పార్టీల నాయకులు లోపల కూర్చుని గంటలు లెక్కేసుకుంటారు. తర్వాత ఆ రిపోర్టును సభ ముందు పెట్టి 'సభ అంగీకరించింది' అనిపిస్తారు. సాధారణంగా ఇది ఒక్క నిమిషంలో అయిపోయే తంతు.

రూల్స్ అన్నీ సభ్యుల పక్షానే ఉన్నట్టు కనిపిస్తాయి. బిల్లు పెట్టడానికి మంత్రి ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కాపీలు రెండు రోజుల ముందే సభ్యుల చేతిలో ఉండాలి. కానీ ప్రతి దాని పక్కనా 'స్పీకర్ అనుమతిస్తే మినహాయింపు' అన్న వీలు ఉంటుంది. ఎప్పుడో ఒకసారి వాడుకోవాల్సిన ఆ వీలు ఇప్పుడు మామూలైపోయింది. ఇక ఇచ్చిన టైం అయిపోయిందనుకోండి, మిగిలిన క్లాజులన్నీ చర్చ లేకుండానే ఓటుకు పెట్టేయొచ్చు. బడ్జెట్ పద్దుల విషయంలో ఏటా జరిగే 'గిలెటిన్' అంటే ఇదే.

గంటలు అంటే ఎంతో లెక్క కట్టి చూద్దాం. వక్ఫ్ సవరణ బిల్లుకు 2025 ఏప్రిల్ 1న బీఏసీ ఇచ్చింది ఎనిమిది గంటలు. ప్రతిపక్షాలు 12 అడిగాయి, కుదరకపోవడంతో మీటింగ్ నుంచి బయటికి వచ్చేశాయి. ఎనిమిది గంటలు అంటే 480 నిమిషాలు. 543 మందికి సమానంగా పంచితే తలకు 53 సెకన్లు. పార్టీల బలాన్ని బట్టి టైం ఇస్తారు కాబట్టి, ఈ లెక్కన 16 మంది ఉన్న టీడీపీకి 14 నిమిషాలు, నలుగురున్న వైసీపీకి మూడున్నర. రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు 42 మందికీ కలిపి 37 నిమిషాలు. ఈ లోక్‌సభలో ఉన్న ముస్లిం ఎంపీలు 24 మంది, వాళ్ల వాటా 21 నిమిషాలు. మజ్లిస్‌కు ఒక్కరే సభ్యుడు కాబట్టి ఆయనది ఆ 53 సెకన్లే. నిజంగా మాట్లాడేటప్పుడు స్పీకర్ ఎక్కువే ఇస్తారు. కానీ అది హక్కుగా వచ్చేది కాదు, అడిగి తీసుకోవాల్సింది.

ఆ రెండు రాత్రులు

రంజాన్ పండుగ మార్చి 31న అయింది. చుట్టాలు ఇంకా తిరుగు ప్రయాణాల్లో ఉన్నారు, కొన్ని ఇళ్లలో షీర్ ఖుర్మా గిన్నెలు కూడా సర్దలేదు. ఏప్రిల్ 2 మధ్యాహ్నం లోక్‌సభలో చర్చ మొదలైంది. ఎనిమిది గంటలు అనుకున్నది దాదాపు 12 గంటలు సాగింది. ఓటింగ్ అయ్యేసరికి తెల్లవారుజామున రెండు కావస్తోంది. అనుకూలం 288, వ్యతిరేకం 232. మరుసటి రోజు రాజ్యసభ ఉదయం 11కి కూర్చుని 4వ తేదీ తెల్లవారుజామున నాలుగు దాటాక లేచింది. అక్కడ 128–95. ఏప్రిల్ 4తో బడ్జెట్ సమావేశాలు ముగిశాయి. 5న రాష్ట్రపతి సంతకం, 8 నుంచి అమలు.

లోక్‌సభలో వక్ఫ్ ఓటింగ్ అయిపోగానే, రాత్రి రెండు దాటాక, మణిపూర్‌లో రాష్ట్రపతి పాలన తీర్మానం తీసుకున్నారు. రెండేళ్లుగా తగలబడుతున్న రాష్ట్రం అది. చర్చ జరిగింది సుమారు 40 నిమిషాలు. ఆ టైంలో టీవీ ముందు ఎవరున్నారు?

ఇక్కడ ప్రభుత్వం చెప్పేదీ వినాలి. బిల్లు 2024 ఆగస్టు 8న పెట్టారు, వెంటనే సంయుక్త పార్లమెంటరీ కమిటీకి పంపారు. జగదంబికా పాల్ అధ్యక్షతన 31 మంది సభ్యులు. అసదుద్దీన్ ఒవైసీ అందులో ఉన్నారు, టీడీపీ నుంచి లావు శ్రీకృష్ణదేవరాయలు ఉన్నారు. 36 సమావేశాలు పెట్టారు, హైదరాబాద్‌కూ వచ్చారు. సభలో గంటలు కూడా అనుకున్న దానికన్నా ఎక్కువే ఇచ్చారు. కాబట్టి 'అసలు చర్చే లేదు' అన్న మాట ఈ బిల్లు విషయంలో నిలవదు. మన వాట్సప్ గ్రూపుల్లో తిరిగిన ఆ మాటను పక్కన పెట్టాల్సిందే.

నిలిచే ప్రశ్న వేరే. ఆ గంటలు దేనికి వాడారు? కమిటీకి వచ్చిన వినతులు 97 లక్షల 27 వేలకు పైనే. ఐదు నెలల పనిలో రోజూ కూర్చున్నా రోజుకు 60 వేలకు పైగా చదవాలి. మన మసీదుల బయట క్యూఆర్ కోడ్ పెట్టి పంపించిన ఈమెయిళ్లు కూడా అందులోవే. చివరికి ఎన్డీఏ సభ్యులు ఇచ్చిన 14 సవరణలు తీసుకున్నారు, ప్రతిపక్షం ఇచ్చినవన్నీ ఓటింగులో పోయాయి. 655 పేజీల ముసాయిదా రిపోర్టు ముందు రోజు సాయంత్రం చేతికొచ్చిందని, తెల్లారేసరికి అభిప్రాయం చెప్పమన్నారని ప్రతిపక్ష సభ్యులు అప్పట్లోనే మొత్తుకున్నారు.

సభలో జరిగిన చర్చ ఎక్కువగా మొదటి దశది, అంటే బిల్లు మంచిదా కాదా అన్న సాధారణ చర్చ. చట్టంలో మాట మార్చే అవకాశం ఉండేది రెండో దశలో, ఒక్కో క్లాజు తీసుకున్నప్పుడు. ఆ దశ వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. సవరణ చదవడం, 'కాదు' అనిపించడం, తర్వాతి దానికి వెళ్లడం. ప్రతిపక్షం పెట్టిన సవరణల్లో ఒక్కటీ నెగ్గలేదు.

ఒక్క క్లాజు చూస్తే చాలు. వక్ఫ్ చేయాలంటే కనీసం ఐదేళ్లుగా ఇస్లాం ఆచరిస్తున్నట్టు చూపించాలి అని చట్టంలో రాశారు. ఎవరికి చూపించాలి? ఏ కాగితం? ఇమాం సాబ్ ఇస్తే చెల్లుతుందా, తహసీల్దార్ ఇవ్వాలా? నమాజుకు వచ్చేవాళ్ల రిజిస్టరు ఏ మసీదులో ఉంటుంది? క్లాజుల దశలో ఏ సభ్యుడైనా తీరిగ్గా నిలబడి అడిగితే మంత్రి దగ్గర జవాబు ఉండాలి, లేకపోతే మాట మార్చాలి. ఆ పని జరగలేదు. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు చేసింది. అది తేల్చే పద్ధతిపై రూల్స్ వచ్చేదాకా ఆ నిబంధన ఆగాలని చెప్పింది. ప్రభుత్వ భూమా, వక్ఫ్ భూమా అని అధికారి విచారణ జరుగుతుండగానే ఆస్తి వక్ఫ్ హోదా పోయే నిబంధననూ ఆపింది. కేంద్ర మండలిలో 22 మందిలో ముస్లిమేతరులు నలుగురికి, రాష్ట్ర బోర్డుల్లో 11 మందిలో ముగ్గురికి మించకూడదంది. మొత్తం చట్టాన్ని మాత్రం ఆపలేదు. అంటే ఈ మూడు ప్రశ్నలకూ జవాబు కోసం కోర్టు మెట్లెక్కి, లాయర్లకు ఫీజులు కట్టి, ఐదు నెలలు ఎదురుచూడాల్సి వచ్చింది.

ఆ ఐదు నెలల్లో ఇంకో గడియారం కూడా నడిచింది. జూన్ 6న 'ఉమీద్' పోర్టల్ తెరిచారు, ఆరు నెలల్లో ఆస్తులన్నీ ఎక్కించమన్నారు. చిన్న ఊళ్లో పీర్ల చావిడికి, ఖబరస్తాన్‌కు ముతవల్లీ అంటే ఎవరు? అరవై దాటిన పెద్దాయన, చేతిలో నిజాం కాలం ముంతఖబ్ జిరాక్స్, అదీ చదవడానికి కష్టమైన ఉర్దూలో. సర్వే నంబర్లు మారిపోయాయి. ఆయన కొడుకో మనవడో మీ సేవ కౌంటర్ల చుట్టూ, బోర్డు ఆఫీసు చుట్టూ తిరిగాడు. గడువు పెంచమని వెళ్తే సుప్రీంకోర్టు డిసెంబరు 1న కుదరదు, ట్రిబ్యునల్‌కు వెళ్లండి అంది. సభలో ఆ ఆరు నెలల గడువు సరిపోతుందా అని గ్రామాల పరిస్థితి చూపిస్తూ ఒక గంట మాట్లాడి ఉంటే ఎంత బాగుండేది.

అర్జెంటు అని ఎలా తెలుస్తుంది?

బిల్లు నిజంగా అర్జెంటా కాదా అని తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. పాసైన తర్వాత ఏం చేశారో చూడడమే.

పౌరసత్వ సవరణ బిల్లు 2019 డిసెంబరు 9న లోక్‌సభలో పెట్టారు, అదే అర్ధరాత్రి పాసైంది. 11న రాజ్యసభ, 12న సంతకం. దేశమంతా రోడ్డెక్కింది. రూల్స్ నోటిఫై చేసింది ఎప్పుడు? 2024 మార్చి 11న. నాలుగేళ్లు దాటింది. కార్మిక కోడ్‌లు మూడు 2020 సెప్టెంబరు 22, 23 తేదీల్లో ప్రతిపక్షం లేని సభలో పాసయ్యాయి, అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. మహిళా రిజర్వేషన్ బిల్లు 2023 సెప్టెంబరు 19న పెట్టారు, 20న లోక్‌సభలో 454–2 ఓట్లతో పాసైంది. ఆ రెండు వ్యతిరేక ఓట్లు మజ్లిస్‌వి, ఓబీసీ, ముస్లిం మహిళలకు ఉపకోటా కావాలని. ఆ వాదన తప్పో ఒప్పో, దాని మీద తీరిగ్గా మాట్లాడడానికి కావాల్సినంత టైం ఉంది. ఎందుకంటే ఆ చట్టంలోనే జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు అని రాసుకున్నారు. ఏళ్ల తర్వాత పనిచేసే చట్టాన్ని రెండు రోజుల్లో ముగించడానికి తొందర ఏమిటో!

నిజంగా ఆగలేని పని వస్తే ప్రభుత్వానికి వేరే దారి ఎలాగూ ఉంది. పార్లమెంటు నడవనప్పుడు 123వ అధికరణ కింద ఆర్డినెన్స్ తేవచ్చు. ట్రిపుల్ తలాక్ విషయంలో మూడుసార్లు తెచ్చారు. 2017 డిసెంబరు 28న బిల్లు పెట్టిన రోజే లోక్‌సభ పాస్ చేసింది, రాజ్యసభలో ఆగింది, ఆర్డినెన్స్‌ల మీద నడిచి చివరికి 2019 జూలైలో చట్టమైంది. మరి ఆ మొదటి రోజు లోక్‌సభలో చూపిన తొందర వల్ల ఏం కలిసొచ్చినట్టు? భర్త జైలుకెళ్తే భార్యాపిల్లల ఖర్చు ఎవరు చూస్తారన్న ప్రశ్న మన ఇళ్లలో ఆడవాళ్లే ఎక్కువగా అడిగారు. ఆ ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది.

పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ లెక్కలు చూస్తే ఇది ఒకటి రెండు బిల్లుల కథ కాదని అర్థమవుతుంది. 2009–14 లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీలకు వెళ్లాయి. 2019–24లో 16 శాతమే. ఆ ఐదేళ్లలో 58 శాతం బిల్లులు పెట్టిన రెండు వారాల్లోపే పాసయ్యాయి. లోక్‌సభలో మూడో వంతు బిల్లులకు గంట చర్చ కూడా జరగలేదు.

తెలుగువాళ్లకు కొత్త కాదు

అయితే దీన్ని ఒక్క పార్టీ ఖాతాలో వేస్తే లెక్క తప్పుతుంది. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు లోక్‌సభలో ఎలా పాసైందో తెలుగువాళ్లెవరూ మరిచిపోరు. తలుపులు మూశారు, టీవీ ప్రసారం ఆగిపోయింది. తెలంగాణ కోసం దశాబ్దాలు పోరాడినవాళ్లకు అది పండుగ రోజే, అందులో అనుమానం లేదు. కానీ బిల్లు 20న రాజ్యసభకు వచ్చేసరికి మిగిలింది ఒక్క రోజు. అది 15వ లోక్‌సభకు చివరి సమావేశం, 21తో అయిపోతుంది. రాజ్యసభలో ఒక్క అక్షరం మార్చినా బిల్లు మళ్లీ లోక్‌సభకు వెళ్లాలి. అందుకని ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా మాట చట్టంలోకి ఎక్కలేదు. అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ సభలో నోటిమాటగా చెప్పారు. తర్వాత పదేళ్లపాటు ఏపీ రాజకీయం ఆ నోటిమాట చుట్టూనే తిరిగింది. ఇంకో వారం టైం ఉండుంటే అది కాగితం మీద ఉండేది, లేదా ఇవ్వలేమని అప్పుడే తేలిపోయేది.

మన మేలు కోసం తెచ్చిందైనా తొందర తొందరే. 2004లో ముస్లింలకు ఐదు శాతం రిజర్వేషన్ జీవోతో ఇచ్చారు, బీసీ కమిషన్ అధ్యయనం లేదని హైకోర్టు కొట్టేసింది. 2005లో ఆర్డినెన్స్, ఆపై చట్టం తెచ్చారు, కమిషన్ సర్వే పద్ధతి సరిగా లేదని అదీ పోయింది. సీట్లు వచ్చిన పిల్లలు నడిమధ్యలో ఇరుక్కున్నారు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక తీసుకుని, వెనకబడిన వర్గాలను పేరు పేరునా గుర్తించి నాలుగు శాతం బీసీ–ఈ తెచ్చారు. దాన్నీ 2010లో హైకోర్టు కొట్టేసింది. కానీ ఈసారి సుప్రీంకోర్టులో మధ్యంతర ఉత్తర్వు దొరికింది. ఇవాళ ఎంబీబీఎస్, ఇంజనీరింగ్ చదువుతున్న మన పిల్లల్లో చాలామంది ఆ మూడో ప్రయత్నం మీద నిలబడ్డవాళ్లే.

ఇక గొడవలతో సభ ఆపే ప్రతిపక్షం కూడా ఈ పాపంలో భాగస్వామే. 2018 మార్చి 14న లక్షల కోట్ల పద్దులు, ఫైనాన్స్ బిల్లు చర్చ లేకుండా లోక్‌సభలో పాసయ్యాయి. అప్పుడు వెల్‌లో ప్లకార్డులు పట్టుకున్నవాళ్లలో టీడీపీ, వైసీపీ, టీఆర్ఎస్ ఎంపీలూ ఉన్నారు. అరుపుల మధ్య బిల్లు పాస్ చేసుకోవడం ఏ ప్రభుత్వానికైనా సుఖమే, జవాబు చెప్పే పని ఉండదు. సాగు చట్టాలను రాజ్యసభలో మూజువాణి ఓటుతో తోసేశారు, ఏడాది తర్వాత రద్దు బిల్లునూ 2021 నవంబరు 29న రెండు సభల్లో చర్చ లేకుండానే ముగించారు.

బ్రిటన్‌లో ఒక పద్ధతి ఉంది. బిల్లు టైంటేబుల్‌ను కూడా సభ విడిగా ఓటుకు పెడుతుంది. 2019 అక్టోబరు 22న బ్రెగ్జిట్ ఒప్పందం బిల్లుకు కామన్స్ సభ 329–299తో సూత్రప్రాయంగా ఓకే చెప్పింది. నిమిషాల తర్వాత, మూడు రోజుల్లో ముగించాలన్న ప్రభుత్వ టైంటేబుల్‌ను 322–308తో తిప్పికొట్టింది. బిల్లు వేరు, తొందర వేరు అని అక్కడి ఎంపీలు విడదీసి చూశారు.

మన రూల్స్‌లో అలాంటి తలుపు పూర్తిగా మూసేసి లేదు. బీఏసీ రిపోర్టు సభ ముందుకు వచ్చినప్పుడు, ఫలానా బిల్లుకు ఇచ్చిన టైం చాలదు, తిరిగి కమిటీకి పంపండి అని ఏ సభ్యుడైనా సవరణ పెట్టొచ్చు. దాని మీద అరగంట వరకు మాట్లాడుకోవచ్చు, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. ఓడిపోయినా ఎవరు ఏ వైపో రికార్డులో ఉంటుంది. ఎంపీలు ఊరికి వచ్చినప్పుడు, ఇఫ్తార్ విందుల్లో కూర్చున్నప్పుడు మసీదు కమిటీ పెద్దలు అడిగేది ఒక్కటే, ఓటు ఎటు వేశారు సార్ అని. అప్పటికి బిల్లు అయిపోయి ఉంటుంది. ఎనిమిది గంటలు అని రాసిన కాగితం సభ ముందుకు వచ్చిన రోజు మీరు లేచి ఏమైనా అన్నారా అని ఇంకా ఎవరూ అడగడం లేదు.